తొడిమ

నాలుగు బై ఏడు అంటే చాలు,
బ్రాడీపేటలో ఏ ఆటో అయినా తెచ్చి దించుతుంది.
నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు,
కింద జిరాక్సు, పైన నా ఎడిటింగ్ గది.
ముహూర్తాలున్నప్పుడు తలంబ్రాలు కోస్తాను,
మూఢంలో షార్ట్ ఫిల్ములు.

బాజీ తెచ్చిన హార్డ్ డిస్కులో
పదిహేడు నిమిషాల సువార్తమ్మ ఉంది.
పోటీవాళ్ళు అడిగింది పది.

"పెద్ద సినిమా ఊరులాంటిది రా,
ఏ అడ్డరోడ్డులో దూరినా ఎక్కడో మెయిన్ రోడ్డులో తేలతావు.
చిన్నదానికి ఒకటే లైను.
మలుపు తిరిగావా, ఇల్లు చేరవు."
ఎప్పట్నుంచో తెలిసినట్టు చెప్పాను,
అప్పుడే పుట్టిన మాట.

మొదట మొగుడి ఫ్లాష్‌బ్యాక్ పోయింది.
ఆ వేషం కట్టింది బాజీ బావమరిది,
ఇంకా నాతో మాట్లాడడు.
యార్డు మీద ఎగిరిన డ్రోన్ షాటు పోయింది,
అద్దె నాలుగు వేలు, బాజీ కళ్ళు మూసుకున్నాడు.
బస్టాండులో ఎదురయ్యే పాత స్నేహితురాలు పోయింది.
కోల్డ్ స్టోరేజి గేటు దాటి వచ్చి
సువార్తమ్మ ముక్కుకి గుడ్డ కట్టుకోవడం,
వేళ్ళకి నూనె రాసుకోవడం,
గోనె దులిపి పరిచి, మళ్ళీ దులపడం,
ఆ నలభై సెకన్లూ పోయాయి.
కథకి ముందున్నదంతా తొడిమ,
తొడిమ తీస్తేనే కాయకి రేటు.
ఈ ముక్క నాకే ఎంత నచ్చిందంటే
గోడమీద పెన్సిల్‌తో రాసుకున్నాను.

మిగిలింది ఇది:
టిక్కీ విప్పుతారు. తేజ రకం. తాలుకాయ ఒక పక్కకి.
సాయంత్రం కాటా.
గుమాస్తా చీటీలో పన్నెండు కిలోలు,
ఆమె లెక్కలో పద్నాలుగు.
వాదించదు. చీటీ మడిచి రవికెలో దోపుకుని
మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.
బాగా దగ్గరగా, కంట్లోంచి ఒక చుక్క.
నలుపు. పేర్లు.
సరిగ్గా పది.

ఆదివారం ఆరాధన అయ్యాక
బైబిల్ సంచితోనే మెట్లెక్కింది సువార్తమ్మ.
కుర్చీ వద్దంది, వేస్తే అంచున కూర్చుంది.
తెరమీది తనని
ఎవరిదో సరుకు చూసినట్టు చూసింది.

"ఏడుపెందుకు పెట్టావయ్యా?"
"నువ్వే ఏడ్చావుగా పిన్నీ."
"నేనెందుకు ఏడుస్తా? ఘాటు.
ఆ పూటకి ఎన్నోసారో అట్టా కారటం.
రెండు కిలోలకి ఏడిస్తే ఇన్నేళ్ళకి కళ్ళు మిగిలేయా?"

బాజీ నావైపు చూశాడు.
నేను మౌసు వైపు చూశాను.

గోడమీద ఏం రాశావని అడిగింది.
చదివాను. నవ్వు ఆపుకుంది, ఆగలేదు.
"తొడిమ తీసిన కాయ మిల్లుకి పోవాల్సిందే అబ్బయ్యా.
నిలవుండదు, గింజ రాలిపోద్ది.
ఏడాది దాచుకునే కాయకి తొడిమ ముట్టుకోరు.
ఏ కాయ ఎటు పోద్దో తెలవకుండా
తుంచుకుంటా పోతే ఎట్టా?"

గడప దగ్గర ఆగి,
గుడ్డ కట్టుకునేది లేదేందంది.
మా అమ్మ చీర ముక్కది, అంది.
షూటింగు మూడు రోజుల్లో
మేమా మాట అడగనే లేదు.

ఆ రాత్రి చుక్క తీసేశాం.
గుడ్డ, నూనె, గోనె వెనక్కి వచ్చాయి.
పది నిమిషాల ఇరవై రెండు సెకన్లు.
పేర్లలోంచి కోద్దామన్నాడు బాజీ,
ముందు తన బావమరిది పేరు, తర్వాత తనది.

ముగింపు కుదరడం లేదు.
ఆమె కూర్చుంటుంది,
చెయ్యి టిక్కీలోకి పోయి ఒక కాయతో పైకొస్తుంది,
బొటనవేలు తొడిమ మీద ఆనుతుంది.
తుంచాక ఆపాలంటాడు బాజీ.
తుంచకముందే అంటాను.
తుంచాక అంటాను.

పదకొండు నలభై అయింది. గడువు పన్నెండు.
ఏడో అడ్డరోడ్డులో ఎవరో
స్కూటర్ కిక్కు కొడుతున్నారు, అందుకోవడం లేదు.
ఇద్దరం చేతులు ఆపి
వింటూ కూర్చున్నాం.